పనికిరాని ప్రార్థన

మా నాన్న గాజు ఊదుతాడు. ఈ మాట చెబితే చాలామంది కిటికీలకు అద్దాలు బిగిస్తాడనుకుంటారు, కొందరు జాలిగా కూడా చూస్తారు. పరిశోధన సంస్థలో మేం వాడే ఫ్లాస్కులు, మెలికలు తిరిగిన గొట్టాలు, ఒకదాని కడుపులో ఒకటి దాగి ఉండే పాత్రలు చెట్లకు కాయవు. ఎవరో ఒకరు మంట ముందు కూర్చుని, గాజును మెత్తబరిచి, ఊది, తిప్పి చేయాలి. మామూలువి బజార్లో దొరుకుతాయి. దొరకనివి మా నాన్న చేస్తాడు. సంస్థ భవనంలో కింది అంతస్తులో ఆయన వర్క్‌షాపు, పై అంతస్తులో నా గది. ఆయన చేసిన పాత్రల్లో నేను ద్రావణాలు కాచి స్ఫటికాలు పెంచుతాను. ఇంట్లో నాన్న కూరలు తెస్తే అమ్మ వండుతుంది, ఇక్కడ నాన్న గిన్నెలు చేస్తే నేను వండుతాను. మొత్తానికి మా ఇంట్లో వంట రానిది ఆయనొక్కడికే.

గాజుకు ఒక గుణం ఉంది. మంట మీద నుంచి తీశాక గబగబా చల్లారితే పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపల బిగువు మిగిలిపోతుంది. తర్వాత ఎప్పుడో, ఎవరూ ముట్టుకోకుండానే, టప్పున పగులుతుంది. అందుకే పగలంతా చేసిన పాత్రలను సాయంత్రం ఓవెన్‌లో పెట్టి, మళ్లీ వేడి చేసి, తెల్లవార్లూ మెల్లమెల్లగా చల్లారుస్తారు. ఆ తలుపు మూశాక నాన్న దాని ముందు కళ్లు మూసుకుని కాసేపు నిలబడతాడు. చేతులు జోడించడు. పెదాలు కదలవు. చూసేవాళ్లకు, మర్చిపోయినదేదో గుర్తు తెచ్చుకుంటున్నాడనిపిస్తుంది. అది ప్రార్థన అని తెలిసినవాళ్లం ముగ్గురమే: అమ్మ, నేను, మావయ్య.

మావయ్య అంటే అమ్మకు తోడబుట్టినవాడు కాదు. నాన్నతో పాటు అదే వర్క్‌షాపులో గాజు ఊదే మనిషి. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఆ వరస ఎక్కడ కలిసిందని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెద్ద పాత్రలు ఒక మనిషి వల్ల కావు. నాన్న రెండు చేతులతో బరువైన గాజును మంటలో ఆగకుండా తిప్పుతుంటే, మావయ్య రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాలి. నాన్న కనుబొమ ఎగరేస్తే ఊదాలి, దించితే ఆపాలి. ఒక్క ఊపిరి ఎక్కువైతే కడుపు ఉబ్బిపోతుంది, తక్కువైతే మెడ వాలిపోతుంది. పని జరుగుతున్నంతసేపూ వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. పని అయ్యాక మాట్లాడడం ఆపగా కూడా చూడలేదు.

మావయ్యకు దేవుడు లేడు. లేడని ఎవరితోనూ దెబ్బలాడడు. "నాకు ఆయన మీద కోపమేం లేదమ్మాయ్, పరిచయం లేదంతే" అంటాడు. నాకూ నమ్మకం లేదు, కానీ మావయ్యంత మర్యాద కూడా లేదు. పదిహేనేళ్ల వయసులో ఒకరోజు భోజనాల దగ్గర ఆ సంగతి గట్టిగా ప్రకటించాను. ఇల్లు దద్దరిల్లుతుందనుకున్నాను. నాన్న "సరేలే, ఆ మంచినీళ్లు ఇలా అందుకో" అన్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నేను వాదిస్తూ వచ్చాను, ఆయన వింటూ వచ్చాడు. ఒక్క మాట వాదించకుండా వాదనంతా గెలిచినట్టు కనిపించే మనిషితో బతకడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. దేవుడున్నాడో లేడో మీరిద్దరూ తేల్చేలోపు అన్నం చల్లారిపోతుందని అమ్మ విసుక్కునేది.

ఇలా సాగిపోతుండగా మా సంస్థకు కొత్త డైరెక్టరుగారు వచ్చారు. మంచాయన, తన చదువులో దిట్ట. కాకపోతే మంచివాళ్లకు ఉత్సాహం పుట్టినప్పుడు చుట్టుపక్కలవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఒక సాయంత్రం ఆయన బయటి సంస్థల నుంచి వచ్చిన అతిథులను వెంటబెట్టుకుని వర్క్‌షాపు చూపించడానికి వచ్చారు. మా దగ్గర గాజు పాత్రలు పగలడం చాలా తక్కువ. తమ దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి చిట్లుతూనే ఉంటుందని, ఇక్కడి రహస్యమేమిటని అతిథులు అడుగుతున్నారు. సరిగ్గా అప్పుడే నాన్న ఓవెన్ తలుపు మూసి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఏం చేస్తున్నారని డైరెక్టరుగారు అడిగారు. తలనొప్పిగా ఉందండీ అని ఉంటే సరిపోయేది, ఈ కథే ఉండేది కాదు. మా నాన్నకు అబద్ధం నోట్లోంచి రాదు. ప్రార్థనండీ అన్నాడు.

డైరెక్టరుగారి మొహం వెలిగిపోయిందట. ఇందులో ఏదో సైన్సు ఉండి తీరుతుందని అక్కడికక్కడే అతిథులతో అన్నారట. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నమ్మకం ఉన్నవాడు నమ్మకమని చెప్పుకుంటే నాకు పేచీ లేదు. దానికి సైన్సు కోటు తొడిగి పెళ్లిచూపులకు కూర్చోబెడితే మాత్రం ఊరుకోలేను. పైగా ఆ కోటు నాది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సాయంత్రం ఓవెన్ తలుపు మూశాక వర్క్‌షాపులో ఉన్నవాళ్లందరూ దాని ముందు కళ్లు మూసుకుని నిలబడాలి. ఏ దేవుణ్ణి తలుచుకోవాలన్నది ఎవరిష్టం వారిది, నిలబడడం మాత్రం సంస్థ ఇష్టం. ఈ ముక్కలన్నీ పెద్ద అక్షరాలతో రాయించి గోడకు బోర్డు కూడా కొట్టించారు. వడ్రంగి, లేతు మిషను దగ్గరి వాళ్లు, కరెంటు పనివాళ్లు అందరూ వచ్చి వరసలో నిలబడడం మొదలుపెట్టారు. ఒకాయన గడియారం చూసుకునేవాడు. ఇంకొకాయన కళ్లు మూసుకుని నిజంగానే కునుకు తీసేవాడు. అందరికంటే ముందు, పెళ్లికొడుకులా, మా నాన్న.

నాలుగు రోజులకే నాన్న ముద్ద దిగకుండా కూర్చున్నాడు. అమ్మ అడగ్గా అడగ్గా చెప్పాడు. ప్రార్థన రావడం లేదట. వెనకాల అంతమంది నిలబడితే తనకు దేవుడు కాదు, తన వీపు గుర్తొస్తోందట. అది విని నేను నవ్వబోయాను కానీ ఆయన మొహం చూసి మానుకున్నాను. నాతో ఏళ్ల తరబడి వాదనలు వచ్చినా చెక్కుచెదరని ప్రార్థన, ఒక్క బోర్డుతో బెదిరిపోయింది.

అసలు గండం అది కాదు. మావయ్య నిలబడలేదు. అందరూ ఓవెన్ దగ్గరకు వెళ్లినా ఆయన తన స్టూలు మీద నుంచి కదలలేదు. సూపర్‌వైజరు వచ్చి అడిగితే, "పరిచయం లేనివాళ్లకు దండం పెడితే ఏదో పనుండి పెట్టాననుకుంటారండీ, బాగుండదు" అన్నాడు. మాట పైకి పాకింది. ఉత్తర్వు పాటించనందుకు వచ్చే నెల నుంచి మావయ్యను మంట దగ్గర నుంచి తీసి ప్యాకింగ్ స్టోరులో వేస్తున్నామని చెప్పారు. అట్టపెట్టెల్లో గడ్డి కూరి, నాన్న చేసిన పాత్రలను అందులో సర్దడం అక్కడి పని. ఊపిరితో గాజును గుమ్మడికాయలా పెంచగల మనిషి గడ్డి కూరుతూ కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను. నాన్నకు ఊహించుకోవాల్సిన అవసరం లేకపోయింది. పక్క స్టూలు ఖాళీ అవుతుందని ఆయనకు తెలుసు.

నాన్న డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లాడు. అది నా సొంత అలవాటండీ, ఎవరికీ చెప్పింది కాదు, మా బావ ఊపిరి లేకపోతే నా చేతిలో ఉండేది గొట్టమే కానీ పాత్ర కాదు అని బతిమాలాడు. డైరెక్టరుగారు కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆయన వినయాన్ని మెచ్చుకున్నారు. తర్వాత ఒక ప్రశ్న వేశారు. రంగు కళ్లద్దాలు పెట్టుకోకుండా మంట ముందు కూర్చుంటానని ఎవరైనా అంటే కూర్చోనిస్తామా, కళ్లు పోతాయి కదా. అలాగే పాత్రలు పగలకుండా కాపాడే పద్ధతి ఒకటి ఉందని తెలిశాక, దాన్ని పాటించనన్నవాణ్ణి ఎలా ఉండనిస్తాం?  నాన్న టీ చల్లారబెట్టి వచ్చేశాడు. ఇంటికొచ్చాక, ఆయన మాటలో తప్పెక్కడుందో నాకు దొరకడం లేదని రెండుసార్లు అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నాన్న మెట్లెక్కి నా గదికి వచ్చాడు. నేను ఉద్యోగంలో చేరాక ఆయన పైకి రావడం అదే మొదలు. తలుపు దగ్గరే చెప్పులు విప్పబోతే వద్దన్నాను. కుర్చీ అంచున కూర్చుని, బల్ల మీద ఉన్న తన ఫ్లాస్కుల వంక కాసేపు చూశాడు.

"నీ చదువుతో నా ప్రార్థనను పరీక్ష చెయ్యి తల్లీ" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఏమిటి పరీక్ష చేయాలన్నాను.

"అది గాజును కాపాడుతుందో లేదో. కాపాడదని తేలితే బావను ఎవరూ కదపలేరు."

"కాపాడుతుందని తేలితే?"

నాన్న ఒక ఫ్లాస్కును బల్ల అంచు నుంచి లోపలికి జరిపాడు. "తేలితే తేలనీ. నిజమే చెప్పు. నా కోసమో బావ కోసమో తిమ్మిని బమ్మిని చెయ్యొద్దు."

ఆయన దేవుణ్ణి బల్ల మీద పెట్టి కొలవాలని చిన్నప్పటి నుంచి నా కోరిక. ఇప్పుడు ఆయనే తెచ్చి చేతిలో పెడుతుంటే తీసుకోవడానికి చెయ్యి రాలేదు. తేడా ఏమీ ఉండదని నాకు తెలుసు. ఆ తెలిసినదాన్ని ఈ మనిషి మొహం మీద చెప్పాలి. రోజూ సాయంత్రం ఆ ఓవెన్ ముందు నిలబడ్డాకే ఇంటికి వచ్చి, నా జడ వేసి, నా లెక్కలు చూసి, నా వాదనలు విన్న మనిషి. కుదరదని చెబుదామనుకున్నాను. కానీ నిజం చెప్పమన్నాడు, అబద్ధం చెప్పమనలేదు. సరేనన్నాను.

డైరెక్టరుగారు కూడా ఒప్పుకున్నారు. ఆయనలో ఉన్న మంచి అది. పరీక్ష అనే మాట వినగానే వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు. ఫలితం వచ్చేదాకా బోర్డు పక్కన పెడదాం, మావయ్య బదిలీ కూడా ఆపుదాం అన్నారు. పద్ధతి ఇదీ: మావయ్య ఒకే రకం చిన్న గాజు ముక్కలు చేస్తాడు. రోజూ సాయంత్రం ఆయనే ఓవెన్‌లో పెట్టి తలుపు మూస్తాడు. కొన్ని రోజులు నాన్న దాని ముందు ప్రార్థన చేస్తాడు, కొన్ని రోజులు చేయడు. ఏ రోజు ఏమిటన్నది చీట్లు తీసి నిర్ణయిస్తారు. ఏ ముక్క ఏ రోజుదో మావయ్య తనకు మాత్రమే తెలిసేలా గుర్తు గీసి, అన్నీ కలిపేసి నెలాఖరుకు నాకిస్తాడు. నా దగ్గర రెండు ప్రత్యేకమైన పలకలున్నాయి. వాటి మధ్య గాజును పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే, లోపల బిగువున్న చోట రంగులు కనిపిస్తాయి. బిగువు లేని గాజు నల్లగా, నిమ్మళంగా ఉంటుంది. దేనికి ప్రార్థన చేశారో దేనికి చేయలేదో తెలియకుండా నేను రంగులు చూసి రాసుకోవాలి.

కాగితం మీద పద్ధతికి వంక పెట్టడానికి లేదు. మా నాన్నను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. మొదటి వారం కాకముందే ఆయన దొంగలా తలవంచుకుని నా దగ్గరికి వచ్చాడు. ప్రార్థన వద్దన్న రోజున ఓవెన్ వైపు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడట. అయినా లోపల దానంతట అదే జరిగిపోయిందట. నోరు మూసుకోగలను కానీ దాన్ని ఎలా మూయాలో తెలియడం లేదన్నాడు. అప్పటిదాకా చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరయింది. మళ్లీ మొదటి నుంచి.

ఆ టైములో ఎక్కాలు చదువుకోమన్నాను. పదమూడో ఎక్కం ఇచ్చాను, తేలిగ్గా రాదు కాబట్టి మనసంతా దాని మీదే ఉంటుందని. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. పదమూడో ఎక్కం కూడా ప్రార్థనలాగే వినిపిస్తోందట. అంత చక్కగా ఒకదాని వెంట ఒకటి పేర్చుకుంటూ పోతుంటే ఎవరు పేర్చారా అనిపించిందట. నేను తల పట్టుకున్నాను. వర్క్‌షాపు బయట, గ్యాసు సిలిండర్లు పెట్టే చోట నిలబెట్టమని మావయ్య సలహా ఇచ్చాడు. అక్కడ ఆకాశం కనిపిస్తుంది, ఇంకా ప్రమాదమని నాన్నే వద్దన్నాడు.

చివరికి దారి చూపించింది అమ్మ. కూర తరుగుతూ అంతా విని, ఇంత చిన్న విషయానికి ఇన్ని చదువులెందుకంది. ప్రార్థన వద్దన్న రోజుల్లో సరిగ్గా ఆ టైముకు తను నాన్నకు ఫోన్ చేస్తానంది. "నేను తగువు వేసుకుంటాను. నాతో తగువాడుతున్నంతసేపు ఆయనకు దేవుడు కాదు కదా, తన పేరు కూడా గుర్తుండదు."

అలాగే జరిగింది. చీటీలో ప్రార్థన లేని రోజు వస్తే మావయ్య అమ్మకు కబురు చేసేవాడు. అమ్మ ఫోన్ చేసి, పోయిన ఏడాది నాన్న బంధువులు చేసిన మర్యాద తక్కువ దగ్గర మొదలుపెట్టి, పాడైన కుళాయి మీదుగా, పెళ్లినాటి సంగతుల దాకా వెళ్లేది. నాన్న సిలిండర్ల పక్కన అటూ ఇటూ తిరుగుతూ సమాధానాలు చెప్పుకునేవాడు. తలుపు మూసి చాలాసేపయ్యాక చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చి, ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదని మావయ్యతో ఆశ్చర్యంగా చెప్పేవాడట. మా నాన్నకు దేవుణ్ణి మరిపించగల శక్తి లోకం మొత్తం మీద మా అమ్మకే ఉందని శాస్త్రీయంగా రుజువైంది. పరీక్షలో నేను ఊహించకుండా తేలిన ఫలితం అదొక్కటే.

అనుకున్నది కూడా తేలింది. నెలాఖరుకు ముక్కలన్నీ పలకల మధ్య పెట్టి చూశాను. రంగులు రాసుకున్నాను. మావయ్య గుర్తులు విప్పి చెప్పాడు. ప్రార్థన చేసిన గాజులోనూ చేయని గాజులోనూ బిగువు ఒకటే. రవ్వంత తేడా లేదు. మా పాత్రలు పగలకపోవడానికి కారణం వాళ్లిద్దరూ ఓవెన్‌ను ఇతరుల కంటే ఓపిగ్గా చల్లార్చడమే.

మావయ్య కాగితం వంక చూసి, తన బదిలీ తప్పిపోయిందని సంతోషించాల్సింది పోయి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఇది మీ నాన్నకు చెప్పకమ్మాయ్" అన్నాడు. "ఏదో తేడా ఉన్నట్టే ఉంది, సరిగ్గా తేలలేదు అని చెప్పు. నేను స్టోరుకు పోతాలే. గడ్డి కూరడం పెద్ద బ్రహ్మవిద్యా?"

"నీకు నమ్మకం లేదు కదా మావయ్యా."

"నాకు లేదు. వాడికి ఉంది కదా. వాడి దగ్గర నుంచి నేను లాక్కున్నట్టవుతుంది."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాటకొస్తే నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఇంకొన్నాళ్లు పరీక్ష సాగదీయవచ్చు, సందేహంగా ఉందని రాయవచ్చు. మా విద్యలో అలాంటి మాటలకు కరువు లేదు. కానీ తిమ్మిని బమ్మిని చేయొద్దని ఆయన ముందే నా చేతులు కట్టేశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో చెప్పాను. బస్సు దిగి, మా వీధి మలుపు తిరిగాక, ఆయన మొహం వైపు చూడకుండా చెప్పాను. తేడా లేదు నాన్నా, ఏమాత్రం లేదు, నీ ప్రార్థన గాజుకు ఏమీ చేయడం లేదు.

నాన్న ఆగిపోయాడు. "ఖాయమేనా?"

"ఖాయం."

"అమ్మయ్య" అన్నాడు. అని, మూసి ఉన్న టైలరు కొట్టు అరుగు మీద కూలబడి, భుజాలు కదిలేలా నవ్వాడు. నెల రోజుల నుంచి మోస్తున్న బరువేదో దించుకున్నాడని తెలుస్తూనే ఉంది. నేనేమో బిక్కమొహం వేసుకుని ఎదురుగా నిలబడ్డాను. నవ్వు ఆగాక పక్కన కూర్చోమన్నాడు.

తనకు ఆ నెలంతా నిద్ర లేదట. ప్రార్థన నిజంగా గాజును కాపాడేదైతే అది కూడా రంగు కళ్లద్దాల్లాంటి పనిముట్టే. పనిముట్టు అయితే డైరెక్టరుగారి మాటే న్యాయం. అందరి చేతా పట్టించాల్సిందే, పట్టనన్న బావను తీసేయాల్సిందే. తను రోజూ నిలబడింది ఒక పనిముట్టు ముందేనేమో అని భయం పట్టుకుందట. ఇప్పుడు పనికిరానిదని తేలింది కాబట్టి దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దే హక్కు ఎవరికీ లేదు, తనకు కూడా లేదు. "పనికిరాదు కాబట్టే అది నాది" అన్నాడు.

"పనికిరానిది ఎందుకు చేస్తావు మరి?" అన్నాను. ఇన్నేళ్ల వాదనల్లో ఎప్పుడూ ఇలా అడగలేదు. జవాబు తెలుసుకోవాలని అడగడం అదే మొదటిసారి.

నాన్న అరుగు మీద ధూళి చేత్తో తుడిచాడు.

"నీకు చిన్నప్పుడు జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోయేది. డాక్టరు మందిచ్చాడు. మందు వేసేశాక మేం చేయడానికి ఇంకేం లేదు. నేను నీ మంచం పక్కనే కూర్చున్నాను. నేను కూర్చున్నందుకా జ్వరం తగ్గింది? మందుకు తగ్గింది. మరి లేచి వెళ్లిపోయి ఉండాల్సిందా?"

నేను ముక్కు తుడుచుకున్నాను.

"ఓవెన్ తలుపు మూశాక కూడా నేను చేయడానికి ఇంకేం ఉండదు తల్లీ. కాసేపు పక్కన ఉంటాను. అంతే."

వీధిలో ఎవరో మమ్మల్ని చూసుకుంటూ వెళ్లారు. మూసిన కొట్టు ముందు తండ్రీ కూతుళ్లు కూర్చుని, ఒకరు నవ్వుతూ, ఒకరు ముక్కు చీదుతూ. నాకు దేవుడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. కానీ ఆ ఓవెన్ ముందు మా నాన్న ఏం చేస్తాడో నాకు తెలిసింది. నా మీద ఉన్న ప్రేమ లాంటిదే అది కూడా, ఆ ప్రేమనెవరూ పరీక్షకు పెట్టమని అడగలేదు కాబట్టి సరిపోయింది. ఆ మాట పైకి అనలేకపోయాను. ఆయన భుజం మీద తల పెట్టాను, లేవమ్మా మీ అమ్మ ఫోన్ చేస్తుంది అన్నాడు.

డైరెక్టరుగారు నా కాగితాలను మొదటి నుంచి చివరిదాకా చదివి, లెక్క తానొకసారి వేసుకున్నారు. కాస్త నిరుత్సాహపడ్డారు. పోనీ ఇంకో రకం గాజుతో చూద్దామా అని అడిగారు, మళ్లీ తనే వద్దులెమ్మన్నారు. బోర్డు శాశ్వతంగా తీయించారు. మావయ్య స్టూలు దగ్గరికి స్వయంగా వచ్చి, మీరు ఇక్కడే ఉండండని చెప్పారు. నాన్నను మాత్రం మొహమాటంగా, మీకేం బాధ లేదు కదా అని అడిగారట. లేదండీ, చాలా ఉపకారం చేశారని నాన్న అన్నాడట. డైరెక్టరుగారికి అది ఎత్తిపొడుపులా తోచి ఉంటుంది. మా నాన్నకు ఎత్తిపొడవడం కూడా చేతకాదని ఆయనకు తెలియదు.

ఆ రోజే వాళ్లిద్దరూ నా పని కోసం ఒక పెద్ద పాత్ర పూర్తి చేశారు. మూడు పొరల గాజు, సన్నటి మెడ, పట్టుకుంటే భయం వేసేంత అందంగా ఉంది. పొద్దుటిదాకా ఆగలేక, చూడడానికి నేను సాయంత్రమే కిందికి దిగాను. పాత్రను ఓవెన్‌లో పెట్టి నాన్న తలుపు మూశాడు. అలవాటుగా వెనక్కి తిరిగి చూశాడు, వరసలో ఎవరూ లేరు. వడ్రంగి అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. మావయ్య తన స్టూలు మీద కూర్చుని ఏదో అతుకు వేస్తున్నాడు. మంట బుసకొడుతోంది. నాన్న కళ్లు మూసుకోవడం చూసి మావయ్య చేయి చాపి గ్యాసు తగ్గించాడు. ఆయన లేవలేదు, కళ్లు మూసుకోలేదు. చప్పుడు కాకుండా బల్ల మీద గాజు పొడి తుడుచుకుంటూ కూర్చున్నాడు. నాన్న కదిలాక మళ్లీ మంట పెంచాడు. 

పొద్దున్న తలుపు తీస్తే పాత్ర మెడ దగ్గర నుంచి కడుపు దాకా నిలువునా పగిలి ఉంది.

 వారాల పని. అంతకంటే ముఖ్యంగా, తన ప్రార్థన తనకు తిరిగొచ్చాక నాన్న నిలబడిన మొదటి సాయంత్రం అది. ఆయన మొహం చూడడానికి ధైర్యం చాలక ఓవెన్ లోపలికే చూస్తూ నిలబడ్డాను. నాన్న నోరు విప్పకముందే మావయ్య గబగబా లేచి వచ్చి, పగిలిన పాత్రను గుడ్డతో పట్టుకుని బయటికి తీశాడు.

"ఇది నా వల్లే బావా" అన్నాడు. "ఈ మెడ దగ్గర ఊపిరి ఎక్కువైంది. నాకు నిన్ననే అనుమానం వచ్చింది."

పరిచయం లేని దేవుడి మీదికి మాట రాకుండా అడ్డం పడుతున్నాడు, పిచ్చి మావయ్య. నాన్న ఆ పగులును వేలితో తడిమి చూశాడు.

"నీ ఊపిరి సరిగ్గానే ఉంది. తిప్పడం నేనే ఆలస్యం చేశాను."

"నువ్వెందుకు చేస్తావు, నేను ఊదుతుంటే చూశానుగా."

"నువ్వు గొట్టం వంక చూస్తున్నావు, నా చెయ్యెక్కడ చూశావు?"

తప్పు నాదంటే నాదని ఇద్దరూ గొంతులు పెంచారు. అంతసేపూ ఇద్దరిలో ఒక్కరు కూడా పైవాడి పేరెత్తలేదు. పగిలిన పాత్రను డబ్బాలో వేసి, అలా కీచులాడుకుంటూనే వెళ్లి ఎవరి స్టూలు మీద వాళ్లు కూర్చుని, కొత్త గాజు గొట్టం మంటలో పెట్టారు.